దుర్సాఫ్‌కు చెప్పాల్సిన మాట

నౌరస్ మా దగ్గరకు ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన రోజున చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది. కెర్కెన్నా దీవి నుంచి మా ఊరు స్ఫాక్స్ రేవుకు వచ్చే పడవలో ఎవరో చేపల బుట్ట ఒలకబోశారట.

"కంపు కొడుతున్నాయి పిన్నీ. లోపల జబ్బు మనుషులుంటారు, వికారం వస్తుందని విప్పేశాను" అంది గుమ్మంలో నిలబడి. ఆ మాటతోనే నాకు నచ్చింది.

పెద్దాసుపత్రి వెనక వీధిలో ఉంది మా సంఘం నడిపే ఇల్లు. దక్షిణాన గఫ్సా, మెద్‌నీన్, తతావీన్ ఊళ్ళ వైపు నుంచి క్యాన్సర్ వైద్యానికి వచ్చే ఆడవాళ్ళు, రేడియేషన్ కరెంటు పెట్టించుకున్నన్నాళ్ళు అక్కడే ఉంటారు. పడకా తిండీ మావి. బట్టల మిల్లులో పని మానేశాక ఆ ఇంటి బాగోగులు నేనే చూస్తూ వచ్చాను. ఏటా ఎండాకాలంలో విశ్వవిద్యాలయం వాళ్ళు మనస్తత్వశాస్త్రం చదివే పిల్లల్ని మా దగ్గరకు ఇంటర్న్‌షిప్‌కు పంపుతారు. రోగుల పక్కన కూర్చోవడం, ఆసుపత్రికి తోడు వెళ్ళడం, నాలుగు కబుర్లు చెప్పడం వాళ్ళ పని.

ఆ ఏడు నౌరస్‌తో పాటు హైతమ్ అనే కుర్రాడు వచ్చాడు. రాయిని కూడా నవ్వించగలడు. చెవిలోంచి నాణెం తీసేవాడు, డాక్టర్ల నడక నడిచి చూపించేవాడు. పొద్దున లేస్తే ఆడవాళ్ళంతా "హైతమ్ ఏడీ?" అనేవారు. నౌరస్‌ను ఎవరూ అడిగేవారు కాదు. ఆ పిల్ల ఎవరి మంచం పక్కనో కూర్చుని బఠానీలు ఒలుస్తూ ఉండేది, అంతే. "ఇంత మూగదానివి, రేపు జనానికి సలహాలేం చెబుతావే?" అని ఒకరోజు ఎగతాళి చేశాను. "వినేవాళ్ళు కూడా కావాలి కదా పిన్నీ" అంది.

జులై మొదట్లో తతావీన్ అవతల కొండ మీది ఊరి నుంచి మెహ్రెజియా వచ్చింది. తివాచీలు నేసే మనిషి. నోరు పదును. భర్త లిబియా సరిహద్దు దారిలో లారీ బోల్తాపడి పోయాడు. రొమ్ములో మొదలైన జబ్బు ఎముకల్లోకి పాకింది. ఊళ్ళో అప్పగించి రావడానికి మనసొప్పక ఎనిమిదేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. మా ఇంట్లో పిల్లలను ఉంచుకోకూడదని నియమం. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

కూతురి పేరు దుర్సాఫ్. అందరికీ "మా అమ్మకు నడుం నొప్పి" అని చెప్పేది. మెహ్రెజియా అలాగే చెప్పి తీసుకొచ్చింది. మావాళ్ళు ఆ జబ్బు పేరెత్తరు. పేరెత్తితే గుమ్మంలోకి వస్తుందని భయం. ఇంట్లోని ఆడవాళ్ళంతా ఆ పిల్ల ముందు తమది కూడా నడుం నొప్పే అన్నారు.

ఒకరోజు భోజనాల దగ్గర దుర్సాఫ్ అందరినీ కలయజూసి, "నడుం నొప్పి వస్తే జుట్టు కూడా ఊడిపోతుందా?" అని అడిగింది. హైతమ్ లేచి, "నా జుట్టు చూడు, నాకు నడుమే లేదు!" అని ఒళ్ళు మెలికలు తిప్పాడు. అందరూ నవ్వారు. దుర్సాఫ్ నవ్వలేదు.

ఆ మధ్యాహ్నం పెరట్లో నౌరస్ ఆ పిల్లకు జడ వేస్తూ ఉంటే, వంటింటి కిటికీలోంచి నాకు వాళ్ళ మాటలు వినపడ్డాయి.

"అక్కా, నడుం నొప్పితో మనుషులు చచ్చిపోతారా?"

నౌరస్ చేతులు జడ మీదే ఆగాయి. "ఆ మాట అమ్మను అడుగుదాం. నేనూ నీ పక్కనే కూర్చుంటా" అంది.

పిల్ల ఆగుతుందా? పరుగున పోయి అడిగేసింది. మెహ్రెజియా ఏదో నవ్వి బుజ్జగించి దాన్ని బయటకు పంపి, నౌరస్‌ను పిలిపించింది. గది తలుపు కూడా వేయనివ్వలేదు.

"చదువుకున్న పిల్లవని పక్కన కూర్చోనిస్తే, నా కూతురి బుర్రలో పురుగు వదులుతావా? కన్నావా నువ్వు? పెంచావా?"

"లేదక్కా."

"మరి నోరు మూసుకో! దాని నవ్వు నాది. నేను పోయేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు."

నేనూ చీవాట్లు పెట్టాను. చెప్పాలో వద్దో ఇంటివాళ్ళు తేల్చుకుంటారు, మన పని తోడుగా కూర్చోవడం వరకే అన్నాను. "నేను చెప్పలేదు పిన్నీ. అబద్ధం ఆడలేకపోయాను, అంతే" అంది నౌరస్. ఆ వారం మిగతా రోజులు రాలేదు. ఇక రాదనుకున్నాను.

వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. నాతో కూడా మాట్లాడకుండా నేరుగా మెహ్రెజియా గదికి పోయింది. పోట్లాట అవుతుందేమోనని వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"ఒక్క విషయం చెప్పి వెళ్ళిపోతానక్కా. తర్వాత ఏమన్నా పడతాను" అంది. మెహ్రెజియా మొహం తిప్పుకుంది కానీ పొమ్మనలేదు.

నౌరస్‌కు ఏడేళ్ళప్పుడు వాళ్ళమ్మకు ఇదే జబ్బు చేసింది. పిల్లను అదే ఊళ్ళో మేనత్త ఇంట్లో ఉంచి, అమ్మ వైద్యానికి ట్యూనిస్ వెళ్ళిందని, వచ్చేటప్పుడు ఎర్ర చెప్పులు తెస్తుందని చెప్పారు. నెలలు గడిచాయి. ఇంటికి తీసుకొచ్చేసరికి అమ్మ పరుపు ఉతికి గోడ మీద ఆరేసి ఉంది. అప్పుడు కూడా ట్యూనిస్‌లోనే ఉందన్నారు. చివరకు బడిలో తోటిపిల్ల ఒకతితో బలపం కోసం దెబ్బలాట వస్తే, ఆ తోటిపిల్ల అంది: "మీ అమ్మ గోరీలో ఉంది, పోయి తెచ్చుకో." నౌరస్‌కు అలా తెలిసింది.

"మీరు తిట్టిన రోజు ఇంటికి పోయి మా నాన్నను అడిగాను" అంది. వాళ్ళ నాన్న అమోర్ సముద్రంలోకి మట్టికుండలు దించి ఆక్టోపస్‌లు పట్టే మనిషి. ఒడ్డున కూర్చుని కుండలకు తాళ్ళు కడుతున్నాడట.

"నాన్నా, పోయేటప్పుడు అమ్మ నన్ను అడిగిందా?"

ఆయన తాడు ముడి వేస్తూనే ఉన్నాడు. "ఇప్పుడెందుకు తల్లీ?"

"అడిగిందా?"

"అడిగింది. పిల్లను తీసుకురా అంది. వస్తోంది, దారిలో ఉంది అన్నాను."

"నన్ను ట్యూనిస్ దాకా తీసుకుపోలేకపోయావా?"

అప్పుడు అమోర్ తాడు కింద పెట్టేశాడు. "మీ అమ్మ అప్పటికి ట్యూనిస్‌లో లేదమ్మా. డాక్టర్లు పంపేశారు. నెల రోజులు మనింట్లోనే ఉంది. నువ్వు మీ అత్త పెరట్లో ఉయ్యాల ఊగుతున్నావు. కేకేస్తే వినపడేది. బిడ్డను చూస్తే ప్రాణం తొందరగా పోదు, కష్టపడుతుంది అంది మీ నానమ్మ. నేను ఆ మాట విన్నాను. తలుపు వైపే చూస్తూ పోయింది తల్లీ."

ఇదంతా నౌరస్ గొంతు పెంచకుండా చెప్పింది. మెహ్రెజియా మొహం ఇటు తిప్పింది. "మీ నాన్న మీద కోపంగా ఉందా?" అని అడిగింది.

"ఉందక్కా. ఆ పూట ఆయనకు అన్నం నేనే వడ్డించాను. అయినా ఉంది."

"నీకు ఇన్నేళ్ళొచ్చాయి. ఇంకా ఉందా?"

"ఉంది."

"పో ఇక" అంది మెహ్రెజియా. ఆ గొంతులో కసురు లేదు.

మర్నాడు పొద్దున, వేయించిన బార్లీ పిండి ఆలివ్ నూనెలో కలుపుకుని తిన్నాక, మెహ్రెజియా కూతుర్ని మంచం మీదకు పిలిచింది. నౌరస్‌ను కూడా కూర్చోమంది. నన్ను కూడా వెళ్ళొద్దంది.

"దుర్సాఫ్, నాది నడుం నొప్పి కాదే."

"తెలుసు."

"ఏం తెలుసే నీకు?"

"హైతమ్ ఆటలకు నువ్వు నవ్వుతావు. తర్వాత గోడకు తిరిగి ఏడుస్తావు. నడుం నొప్పికి అలా ఏడవరు."

మెహ్రెజియా పెదవి కొరుక్కుంది. "ఇది పెద్ద జబ్బమ్మా. మందులు దాన్ని ఏమీ చేయలేకపోతున్నాయి. నేను ఎక్కువ రోజులు ఉండను. నీ తప్పేం లేదు. నువ్వు అల్లరి చేశావనీ కాదు, బావి దగ్గర నన్ను ఏడిపించావనీ కాదు. వచ్చింది, అంతే."

పిల్ల కాసేపు తల్లి చేతి వేళ్ళు ఒక్కొక్కటే వంచి వదిలింది. "మందులు పనిచేయకపోతే ఇక్కడెందుకున్నాం? ఇంటికి పోదాం పద" అంది.

తర్వాత మంచం దిగి, నౌరస్ చెయ్యి పట్టుకుని కండ ఊడొచ్చేలా కొరికింది. "నువ్వు రాకముందు మా అమ్మకు నడుం నొప్పే!" అని అరిచింది. నౌరస్ చెయ్యి లాక్కోలేదు. నేనే విడిపించాను.

ఆ నెలాఖరుతో ఇంటర్న్‌షిప్ అయిపోయింది. హైతమ్‌ను విశ్వవిద్యాలయం పంతులుగారు మెచ్చుకున్నారు. నౌరస్‌ను మాత్రం రోగులకు మరీ దగ్గరైపోయిందని మందలించి, ఏదో గట్టెక్కించారట. ఆ పిల్ల దాని గురించి ఒక్క మాటే అంది: "దూరంగా కూర్చుంటే వినపడదు కదా పిన్నీ."

మెహ్రెజియాను సంఘం వ్యానులో ఊరికి చేర్చడానికి నాతో నౌరస్ కూడా వచ్చింది. దింపి తిరిగి వచ్చేద్దామనుకున్నాం. మెహ్రెజియా నౌరస్ చెయ్యి పట్టుకుని, "నువ్వుండు. దీనికి అందరూ నడుం నొప్పి కబుర్లే చెబుతారు" అంది. స్ఫాక్స్‌లో ఇంటి పని మరొకరికి అప్పజెప్పమని సంఘానికి ఫోన్ చేసి, నేనూ ఉండిపోయాను.

ఆ రోజుల్లో మెహ్రెజియా కూతురికి నేర్పించినవి నేను చూశాను. జడ తనంతట తాను ఎలా వేసుకోవాలో, మగ్గం మీద నూలు ఎక్కడ వదులవుతుందో నేర్పింది. "మీ అత్త అరిస్తే ఎదురు చెప్పకు. మేకల దగ్గరికి పో. చల్లబడ్డాక రా. మనిషి చెడ్డది కాదు, నోరే చెడ్డది, నాలాగే" అనేది. దుర్సాఫ్ వినేది. ఒక్కోసారి చెవులు మూసుకుని మేడ మీదకు పారిపోయేది. అలా పారిపోయినప్పుడు మెహ్రెజియా నౌరస్ మొహం వైపు చూసేది, మంచిపనే చేశామా అన్నట్టు. నౌరస్ లేచి మేడ మెట్ల దగ్గరకు పోయి కూర్చునేది.

చివరి రోజు ఎండ మండిపోతోంది. ఊపిరి గరగరమంటోంది. ఆ అత్తే, మెహ్రెజియా వదిన, వచ్చి దుర్సాఫ్ రెక్క పట్టుకుంది. "పద, పక్కింటికి పోదాం. పిల్లలు చూడకూడదు."

మెహ్రెజియాకు అప్పటికే మాట పడిపోయింది. పిల్ల గౌను అంచు మాత్రం గుప్పిట్లో పట్టుకుని ఉంది. వదల్లేదు.

నౌరస్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని పిల్ల, "దాన్ని తీసుకుపోవద్దు! తల్లి ఇక్కడే ఉంది, దాన్ని ఇక్కడే ఉండనివ్వండి!" అని అరిచింది. గొంతు చీలిపోయింది. అత్త పిల్ల రెక్క వదిలేసింది.

దుర్సాఫ్ ఉంది. అంతా చూసింది. చూడటానికి అది తేలికైన చావేం కాదు. ఊపిరి ఆగాక ఆ పిల్ల పెట్టిన కేకకు మేకలు దడి తోసుకుని పారిపోయాయి. ఆ తర్వాత చలికాలం దాకా ఎవరితోనూ మాట్లాడలేదని కబురొచ్చింది. "నీ చదువు చేసిన పని చూశావా?" అంది అత్త ఫోనులో. నౌరస్ ఫోను పట్టుకుని ఆ మాట పూర్తిగా విని, అటువైపు పెట్టేశాకే పెట్టేసింది.

చదువు ముగిసింది. పట్టా ఉన్నా, ఎక్కడా తనకు తగ్గ ఉద్యోగం దొరకలేదు. ఇప్పుడు దీవిలోనే రమ్లా ఊళ్ళో పసిపిల్లల బడిలో పనిచేస్తోంది. అమోర్‌కు మొదటిసారి పక్షవాతం వచ్చినప్పుడు దగ్గరుండి చూసుకుంది, రెండోసారికి ఆయన పోయాడు. ఆయన పోతున్నప్పుడు చుట్టాల్లోని చిన్నపిల్లల్ని కూడా ఇంట్లోకి రానిచ్చిందని ఊళ్ళో చెవులు కొరుక్కున్నారు. ఆయన్ను మన్నించావా అని నేను అడగలేదు. ఒడ్డున ఆయన కుండలు మాత్రం అమ్మకుండా అలాగే ఉంచింది.

ఏటా ఖర్జూరం గెలలు కోసే కాలంలో నౌరస్ తతావీన్ పోయి వస్తుంది. మొదటి రెండుసార్లు దుర్సాఫ్ మేడ దిగలేదట. తర్వాత ఒకసారి దిగి, కోళ్ళకు గింజలు వేసి, మళ్ళీ ఎక్కిందట. నౌరస్ అత్త దగ్గర కూర్చుని టీ తాగి వచ్చేసేది.

కిందటేడు నన్నూ తోడు రమ్మంది. దుర్సాఫ్‌కు పదిహేనేళ్ళు. పొడుగ్గా, తల్లి భుజాలతో, తల్లి నోటితో ఉంది. మేం బయల్దేరుతుంటే షేర్ టాక్సీలు ఆగే చోటు దాకా మా సంచి మోసుకుని వచ్చింది. టాక్సీ తలుపు తీశాక నౌరస్‌తో అంది:

"నిన్ను ఎప్పుడో ఒకప్పుడు మన్నిస్తాననుకోకు. ఆ గరగర నాకు ఇంకా వినపడుతుంది."

"అనుకోను" అంది నౌరస్.

"రావడం మాత్రం మానకు. ఆ ఇంట్లో మా అమ్మ ఊసెత్తేవాళ్ళు లేరు. ఎత్తితే నేను ఏడుస్తానని వాళ్ళ భయం."

"వస్తాను."

"వచ్చేటప్పుడు ఎండబెట్టిన ఆక్టోపస్ తే. కిందటిసారి తెచ్చింది అత్త ఒక్కతే తినేసింది" అని సంచి లోపలికి తోసి, వెనక్కి చూడకుండా కొండదారి పట్టింది.

నౌరస్ దారిలో గాబెస్ ఊరు దాకా నా భుజం మీద తలపెట్టి ఏడ్చింది. గాబెస్‌లో టాక్సీ మారాక నిద్రపోయింది.