ఫ్యూజు పీకి పది లెక్కపెట్టే మనిషి

మా బావ లైన్‌మన్. పద్దెనిమిదేళ్ళుగా కరెంటు స్తంభాలెక్కి దిగుతున్నాడు. ఊళ్ళో ఎక్కడ దీపం ఆరినా ఫోను మా ఇంటికే వస్తుంది. అలాంటి మనిషికి చీకటి పిచ్చి పట్టింది. కంచే చేను మేసినట్టు, వీధులకు వెలుగిచ్చేవాడే సెలవు దొరికితే చాలు, చీకటి ఎక్కడుందా అని వెతుక్కుంటూ పోతాడు.

అంతా ఒక గాలివాన చేసిన పని. ఆ రోజు ఊరంతా కరెంటు పోయింది. వాన వెలిశాక తెగిన తీగ కట్టడానికి స్తంభమెక్కిన బావ, పని మధ్యలో తలెత్తి చూశాడట. "అన్ని చుక్కలు నా జన్మలో చూళ్ళేదు మరదలా! ఇన్నాళ్ళూ వాటిని కనపడకుండా చేసింది నేనే" అన్నాడు మర్నాడు. నాకు నవ్వొచ్చింది. నెల తిరక్కుండానే ఎవరో వాడి వదిలేసిన మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి కొనుక్కొచ్చాడు. అప్పటినుంచి క్యాలెండరులో అమావాస్యలు వెతుక్కోవడమే పని. ఇంట్లో అందరం ఆయనకు గుడ్లగూబ అని పేరు పెట్టాం. ఆయనకు సిగ్గూ లేదు, ఉలుకూ లేదు.

బావ గురించి ఇంకొక్క సంగతి చెప్పాలి. ఇంట్లో ఏది మొరాయించినా ఆయన దగ్గర ఒకటే వైద్యం. ఫ్యూజు పీకెయ్, పది లెక్కపెట్టు, మళ్ళీ పెట్టు. మిక్సీకీ అదే, టీవీకీ అదే, ఇంటర్నెట్ డబ్బాకీ అదే. నాకు కోపమొస్తే నన్ను కూడా వాకిట్లో నిలబెట్టి, పది లెక్కపెట్టి లోపలికి రానిస్తానంటాడు. ఆ వైద్యం మా ఇంటిల్లిపాదికీ ఒంటబట్టింది. నేను చెప్పబోయే రాత్రి మా కొంప ముంచింది కూడా అదే.

ఇక మా అక్క. బావకు భార్య, నాకు తల్లి తర్వాత తల్లి. ప్రెస్సులో బైండింగు చేస్తుంది. చూడకుండానే వేళ్ళతో కాగితాలు లెక్కపెడుతుంది, ఒక్కటి తగ్గినా పట్టేస్తుంది. చిన్నప్పటినుంచీ ఆమెకు రేచీకటి. పొద్దు వాలితే గోడ పట్టుకోవాలి, లేకపోతే మా చెయ్యి పట్టుకోవాలి. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చినా ఒక్క చుక్కను చూసిన పాపాన పోలేదు. పోయిన ఏడాది కళ్ళ డాక్టరు పగటి చూపు కూడా అంచులనుంచి మూసుకుపోతోందనీ, రెండేళ్ళో మూడేళ్ళో ఉంటుందనీ చెప్పేశాడు. అక్క తల ఊపి వచ్చేసింది. బావే వారం రోజులు మనిషి కాలేదు.

ఆ వారం తర్వాతే ఆయనకు ఆలోచన తట్టింది. "ఈ కెమెరాలో అద్దం ఉండదు. కన్ను పెట్టే చోట బుల్లి తెర ఉంటుంది. మన కంటికి ఆనని వెలుతురుని కూడా అది పెంచి చూపిస్తుంది. నీకు చుక్కలు చూపిస్తానే!" అంటూ అక్కను మేడమీదికి తీసుకెళ్ళాడు. వీధి దీపాల వెలుగంతా ఆ తెరలో నారింజ రంగు మరకలా పరుచుకుంది. అక్క చాలాసేపు చూసింది. "పోనీలెండి" అని గోడ తడుముకుంటూ దిగిపోయింది. బావ ఆ పూట అన్నం తినలేదు. వెలిగించినవాడు ఆయనే కదా మరి.

మాకు దగ్గర్లో నిజమైన చీకటి ఒక్క చోటే మిగిలింది, జలాశయం కట్ట. అక్కను కొండలూ గుట్టలూ ఎక్కించలేం, కట్టదాకా అయితే కారు వెళ్తుంది. ఆ కట్టమీద బావ ముఠాయే రెండు నెలలుగా పన్నెండు ఎత్తైన దీపస్తంభాలు పాతింది. మేం కట్టకు వెళ్ళిన మర్నాటి సాయంత్రమే వాటికి స్విచ్చి వెయ్యాలి. వేసేది కూడా బావే. అంటే అక్కకు చుక్కలు చూపించడానికి ఆ ఒక్క రాత్రే ఉంది.

ముగ్గురం పాత కారులో వెళ్ళాం. కట్ట దిగువన నీటి అంచుకు రాళ్ళగుట్ట ఉంది. బావ నుదుటికి ఎర్రదీపం కట్టుకుని, మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టి, ఒక చుక్కను తెరమీద పెద్దది చేసి ఫోకస్ సరిచేస్తూ కూర్చున్నాడు. సరిచేసిందే మళ్ళీ సరిచేశాడు. ఆ కెమెరా బ్యాటరీని మంచినీళ్ళలా తాగేస్తుంది. మొదటిది అక్కడే అయిపోయింది. రెండోది పెడితే సగంకన్నా తక్కువ చూపించింది. అవతలి ఒడ్డున మబ్బు లేస్తోంది.

"ముందు నన్నోసారి అందులోంచి చూడనివ్వండి" అంది అక్క.

"వద్దు. మళ్ళీ కనపడకపోతే..." అని ఆగాడు బావ. ఆయన గొంతులో భయం నాకు తెలిసింది. "చుక్క నీకు ఆనకపోవచ్చు. అదే కెమెరా కన్ను ఆరు నిమిషాలు తెరిచి ఉంచితే చుక్కలు కదిలి గీతలవుతాయి. గీతయితే ఆనుతుంది. నిన్ను ఆ బండమీద కూర్చోబెట్టి తీస్తా. పెద్దది చేసి చూపిస్తా."

"గీతలు నేను ప్రెస్సులో రోజూ చూస్తున్నాను" అంది అక్క. మొండివాడు రాజుకన్నా బలవంతుడు, ఇక ఏం వింటాడు?

అక్కను చెయ్యి పట్టుకుని నీళ్ళ పక్కన బండమీదికి నడిపించాడు. ఇరవై అడుగుల దూరానికి అయిదు నిమిషాలు పట్టింది. ఆమెను ఒంటరిగా వదల్లేడు కాబట్టి బటన్ నొక్కే పని నాకు అప్పగించాడు. "నొక్కి ఊరుకో. నువ్వు కేకలేస్తే మీ అక్క ఉలిక్కిపడుతుంది, పక్కనే లోతు. అయ్యాక మేమే వస్తాం" అన్నాడు. నొక్కాను. ఆరు నిమిషాలు ఊపిరి బిగబట్టినట్టే కూర్చున్నాను. టక్‌మంది. వాళ్ళిద్దరూ లేచి, అడుగు తీసి అడుగు వేస్తూ రావడం మొదలుపెట్టారు.

తెర వెలగలేదు. నల్లగా ఉంది. ఒక నిమిషం చూశాను, రెండు నిమిషాలు చూశాను. ఏ బటన్ నొక్కినా పలకదు. మబ్బు అప్పటికే సగం ఆకాశానికి వచ్చేసింది. పిలుద్దామంటే అక్క రాళ్ళమధ్య గాల్లో కాలు పెట్టి నేల వెతుక్కుంటోంది. మా ఇంట్లో ఉండే ఎవరైనా ఏం చేస్తారో నేనూ అదే చేశాను. కెమెరా అడుగున మూత తెరిచి బ్యాటరీ పీకేశాను. ఒకటి, రెండు, మూడు అని లెక్క మొదలుపెట్టాను. మంచుకు వేళ్ళు తడిసి ఉన్నాయి. ఏడు దగ్గర అది చేతిలోంచి జారింది. రాయిమీద ఒకసారి చప్పుడయింది, కింద ఇంకోసారి. తర్వాత ఏ చప్పుడూ లేదు.

అప్పుడు మాత్రం గట్టిగానే ఏడ్చాను.

బావ వచ్చి సంగతి విని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అది చెడిపోలేదే తల్లీ! ఎంతసేపు తీసిందో అంతసేపూ మళ్ళీ కన్ను మూసుకుని, ఫొటోలో పడ్డ పిచ్చి మచ్చలు ఏరుకుంటుంది. ఎప్పుడూ ఆ ఏరే పని ఆపేసే ఉంచుతాను. ఇవాళ బాగా రావాలని నేనే పెట్టాను. నీతో చెప్పడం మర్చిపోయాను." మధ్యలో బ్యాటరీ పీకేసరికి ఫొటో పోయింది. నన్ను తిట్టినా బాగుండేది.

ఫోను లైటు వేసి రాళ్ళ సందులోకి చూశాడు. పైన వెలుతురు పడుతోంది, పక్కకు తిరిగిన చోట ఏమీ కనపడటం లేదు. ఆయన చెయ్యి మోచేతిదాకా కూడా పట్టలేదు. నా చెయ్యి పట్టింది కానీ నాకు తగిలినవన్నీ రాళ్ళే. లోపలెక్కడో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"ఇద్దరూ తప్పుకోండి. ఆ లైటు కూడా తీసెయ్యండి, నాకు అడ్డం" అంది అక్క.

నేలమీద బోర్లా పడుకుని భుజందాకా చెయ్యి దూర్చింది. చెంప రాతికి ఆన్చి కళ్ళు మూసుకుంది. బావ ఆమె కాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపో చెప్పలేను. నేను ఆకాశం చూస్తున్నాను, మబ్బు చుక్కల్ని ఒక్కొక్కటే మింగుతోంది. "ఇది గులకరాయి. ఇది సీసా మూత. ఇది..." అని ఆగింది. "మూలలు గుండ్రంగా ఉన్న పెట్టేనా మీది?"

పొడిగానే ఉంది. బావ దాన్ని చొక్కాతో తుడిచి కెమెరాలో పెట్టాడు. అయిపోవచ్చిందని తెరమీద ఎర్రగీత మెరుస్తోంది. ఆరు నిమిషాల ఫొటోకి అది చాలదు. మబ్బు పట్టకుండా నెత్తిమీద చేటంత ఆకాశం మిగిలింది. మేడమీది సంగతే మళ్ళీ జరుగుతుందేమోనని బావ భయం. నా భయం కూడా అదే.

"ఇక నా మాట వింటారా?" అంది అక్క.

ఆయన కెమెరాను పైకి తిప్పి, ఆమె తల పట్టుకుని కన్ను దగ్గర పెట్టాడు.

బావ అడగలేక అడగలేక, "ఏమైనా... ఉందా?" అన్నాడు.

"ఉండండి, లెక్క తప్పుతోంది" అంది అక్క.

ముప్పై నాలుగు దాకా వచ్చింది. కెమెరా తన చేత్తోనే కొంచెం పక్కకు తిప్పి మళ్ళీ ఒకటినుంచి మొదలుపెట్టింది. "ఇవి ఇప్పుడున్నవేనా? ఫొటో కాదుగా?" అంది. "ఇప్పుడున్నవే" అన్నాడు బావ. ఆమె పదకొండు అంటుండగా బ్యాటరీ అయిపోయింది. ఆ పైన మబ్బు కూడా మూసుకుంది. బావ రాయిమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అక్క చెయ్యి చాపి ఆయన తల వెతికి పట్టుకుంది.

మర్నాడు సాయంత్రం కట్టమీద జనం పోగయ్యారు. బావ స్విచ్చి వేశాడు. పన్నెండు దీపాలూ ఒక్కసారి వెలిగాయి, కట్టంతా పట్టపగలయింది. అందరూ చప్పట్లు కొట్టారు. బావ మాత్రం ఏదో పాపం చేసినవాడిలా తల దించుకుని అక్క దగ్గరికొచ్చి చెయ్యి అందించాడు.

అక్క ఆ చెయ్యి పట్టుకోలేదు. "మీరు ఇక్కడే ఉండండి" అంది. చీర కుచ్చెళ్ళు ఒకసారి సర్దుకుని నడవడం మొదలుపెట్టింది. రాత్రిపూట, ఒక్కతీ, గోడ లేకుండా, మా చెయ్యి లేకుండా. మొదటి స్తంభం దాటింది, రెండోది దాటింది. బావ నా పక్కనే నిలబడి పైకి వినపడేలా లెక్కపెడుతున్నాడు. పది దగ్గర ఆయన ఆగిపోయాడు. మిగతా రెండూ నేను లెక్కపెట్టాను.