మంగళవారం దానికి కుదరదు

మామయ్యకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. పనిచేస్తున్న వస్తువును చూసి ఊరుకోలేరు. పాడైనదాన్ని బాగుచేసేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. బాగున్నదాన్ని బాగుచేసే మనిషి ఆ వీధి మొత్తానికి ఆయనొక్కరే. ఫ్యాను చప్పుడు లేకుండా తిరుగుతుంటే ఆయనకి నిద్ర పట్టదు. "మరీ ఇంత నిశ్శబ్దంగా ఉందంటే లోపల ఏదో దాస్తోందన్నమాట," అని స్టూలు వేసుకుని ఎక్కేస్తారు.

ముప్ఫై రెండేళ్ళు బట్టల మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యారు. అక్కడ ఒక్క బోల్టు వదులు చేయాలన్నా ముగ్గురు ఆఫీసర్లు సంతకం పెట్టాలి. ఇంట్లో సంతకాల గొడవ లేదు. ఉన్న ఒక్క ఆఫీసరూ అత్తయ్య. ఆవిడ సంతకం పెట్టరు, తిడతారు. తిట్లకి ఆయన చెవులు బాయిలర్ గదిలోనే అలవాటు పడిపోయాయి.

ఆయన విప్పి బిగించిన ప్రతి వస్తువులోనూ ఒక స్క్రూ మిగులుతుంది. వీధిలో ఆయన్ని 'స్క్రూ మామయ్య' అనడానికి కారణం అదే. గోడగడియారం విప్పిన రోజు అత్తయ్య ఆయన అరచేతిలో ఉన్నదాన్ని చూసి నిలదీశారు.

"అదేమిటండీ?"

"గడియారంలో స్క్రూ."

"గడియారంలో స్క్రూ గడియారంలో ఉండాలిగా?"

"అక్కర్లేదే! చూడు, ఎంచక్కా తిరుగుతోంది. కంపెనీవాళ్ళు అనుమానం మనుషులోయ్, ఎందుకైనా మంచిదని ఒకటి ఎక్కువ వేస్తారు."

గడియారం తిరిగిన మాట నిజమే. కాకపోతే అప్పటినుంచి కొంచెం హుషారుగా తిరుగుతోంది. ఆ ఇంట్లోవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా పావుగంట ముందే చేరి, తాళం వేసిన తలుపుల ముందు నిలబడేవారు. వీధి చివరి టైలరు మామయ్య వస్తున్నారంటే చాలు, కుట్టుమిషను మీద దుప్పటి కప్పి దాని ముందు దిగాలుగా కూర్చునేవాడు. "పాడైపోయిందండీ, రేపు తీసుకెళ్ళి అమ్మేస్తాను," అంటే ఆయనకి దానిమీద ఆసక్తి పోతుందని అతని నమ్మకం.

ఇలాంటి మనిషి ఉన్న ఇంట్లో కోడలు స్పా పెట్టింది.

ఎనిమిదేళ్ళు ఎవరెవరి పార్లర్లలోనో ఎవరెవరి పాదాలో పట్టి, చివరికి తన ఇంటి వెనక గదిలోనే సొంతంగా మొదలుపెట్టింది. నీలం పలకలు పరిచిన పెద్ద తొట్టి, దిగడానికి చెక్కమెట్లు, తెల్లటి తువ్వాళ్ళు. తొట్టిలోకి వేడినీళ్ళు డాబా మీది సోలార్ హీటరు నుంచి వస్తాయి. వరసగా పేర్చిన నల్లటి గాజు గొట్టాలు, వాటి నెత్తిన పడుకోబెట్టిన ట్యాంకు. అక్కడినుంచి కిందికి దిగే పైపుకు ఒక వాల్వ్. దాని పిడి ఎంత దగ్గర పెడితే అన్ని డిగ్రీల నీళ్ళే వస్తాయి. మిగతా వేడిని అది చన్నీళ్ళు కలిపి తగ్గించేస్తుంది. వచ్చిన ప్రతి మనిషికీ తొట్టి కడిగి కొత్తనీళ్ళు నింపడం కోడలి పద్ధతి.

హీటరు బాధ్యత మామయ్యది. నిజం చెప్పాలంటే ఆయన దాన్ని బిడ్డలా చూసుకున్నారు. పొద్దున్నే గాజు గొట్టాల మీది దుమ్ము తుడిచేవారు. ట్యాంకులో ఉప్పుపొర కడితే వెనిగర్ పోసి కరిగించేవారు. ఆరిపోయిన రబ్బరు వాషర్లు మార్చేవారు. స్క్రూలు మిగిలేవి, నీళ్ళు మాత్రం నలభై డిగ్రీల దగ్గర కదలకుండా నిలిచేవి.

ఇదంతా నాలుగు నెలల కిందటి మాట. ఆ తర్వాత హీటరుకు జబ్బు చేసింది. అది కూడా ఎలాంటి జబ్బు? మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం రెండున్నరకి వస్తుంది, నాలుగింటికల్లా తగ్గిపోతుంది. ఆ గంటన్నరసేపు మామయ్య డాబా మీద ఠంగు ఠంగున ఏదో కొడుతూనే ఉంటారు. కింద నీళ్ళు గోరువెచ్చగా, నీరసంగా వస్తుంటాయి. ఆ రోజుల్లోనే ఆయన స్పా గది నుంచి గేటు దాకా సిమెంటు మీద గోనెపట్టా కూడా పరిచారు, ఎందుకో చెప్పలేదు.

"ఇంకెంతసేపు మామయ్యా?" అని కోడలు కింద నుంచి అరుస్తుంది.

"అయిపోయిందమ్మా! ఇంకొక్క తిప్పు!" అని పైనుంచి జవాబు.

ఆ ఒక్క తిప్పుకు నాలుగు నెలలు పట్టింది. ఈ లోపల మధ్యాహ్నం వచ్చేవాళ్ళు ఇద్దరు మానేశారు. మిగిలిన ఐదుగురిలో పెద్దదిక్కు పంతులమ్మగారు. వీధిలో సగం మందికి అక్షరాలు నేర్పిన మనిషి. ఒంటరిగా ఉంటారు. మంగళ, శుక్రవారాల్లో సరిగ్గా మూడింటికి గొడుగేసుకుని వస్తారు. వచ్చిన కొత్తలో తొట్టిలో కూర్చుని, "వేడేదమ్మాయ్? ఇంకా పెట్టు, ఇంకా పెట్టు," అని కోడలిని డాబా మీదికి పంపి వాల్వ్ నలభైనాలుగు దాకా పెట్టించేవారు. ఇప్పుడు మాత్రం గోరువెచ్చని నీళ్ళలోనే కూర్చుని, నిట్టూర్చి, ఏమీ అనకుండా వెళ్ళిపోతున్నారు. ఆ నిట్టూర్పు వింటే కోడలికి పరీక్ష తప్పినంత బాధగా ఉండేది.

"ఈ రెండు నెలలు చూద్దాం. ఎవరూ రాకపోతే ఆ గది అద్దెకిచ్చేద్దాం," అని ఆమె మొగుడు మెల్లగా అన్నాడు. మెల్లగా అన్నందుకు ఆమెకి ఇంకా దుఃఖం వచ్చింది.

అలాంటి సమయంలో, ఒక శనివారం పరుగుపందేల కోచ్ ఫోన్ చేశాడు. పన్నెండుమంది పరుగు పిల్లలున్నారట. ప్రాక్టీసు అయ్యాక వారానికి మూడుసార్లు వేడినీళ్ళలో కూర్చోబెట్టాలట. "మంగళవారం మూడున్నరకి వస్తాను. నలభై డిగ్రీలు చూపిస్తే సంవత్సరమంతా మీ దగ్గరికే పంపిస్తాను. చూపించలేకపోతే నమస్కారం," అన్నాడు.

కోడలు డాబా మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

"మామయ్యా, మీకు దణ్ణం పెడతాను. మంగళవారం ఒక్కరోజు దాన్ని ముట్టుకోకండి."

మామయ్య బుర్ర గోక్కున్నారు. "మంగళవారమా? బుధవారం రమ్మనకూడదూ?"

"ఆయన కోచ్, మామయ్యా! ఆయనకి మనం టైం చెబుతామా?"

"మంగళవారం దానికి కుదరదమ్మా."

"దేనికి?"

"యంత్రానికి."

ఇక ఈయనతో మాటలు లాభం లేదని కోడలు సోమవారం సాయంత్రం పనిముట్ల పెట్టె మొత్తం దాచేసింది. మంచం కింద వెతుకుతారు, అటక మీద వెతుకుతారు. అందుకని రెంచీలూ, పటకార్లూ తువ్వాళ్ళలో చుట్టి వాషింగ్ మెషీన్లో పెట్టింది. ఆ సంగతి అత్తయ్యకి చెప్పడం మరిచిపోయింది. మంగళవారం పొద్దున్న అత్తయ్య లేచి, తువ్వాళ్ళు కనిపించాయి కదా అని సబ్బుపొడి వేసి మీట నొక్కారు.

ఆ చప్పుడుకి ఎదురింటివాళ్ళు కూడా బయటికొచ్చారు. పనిముట్లు తళతళలాడుతూ బయటపడ్డాయి. మెషీను మాత్రం కన్నుమూసింది. జీవితంలో మొదటిసారి నిజంగా పాడైన వస్తువు దొరికినందుకు మామయ్య మొహం వెలిగిపోయింది. మధ్యాహ్నం దాకా ఆయన దాన్ని వదలలేదు. కోడలు హమ్మయ్య అనుకుంది. కడిగిన పనిముట్లను తీసుకెళ్ళి ఈసారి బీరువాలో పెట్టి తాళం వేసింది.

రెండున్నరకి డాబా మీద ఠంగుమంది.

కోడలికి ఒళ్ళు మండిపోయింది. చెప్పులు విడిచి, చప్పుడు చేయకుండా పైకి వెళ్ళింది. ట్యాంకు నీడలో మామయ్య బోర్లించిన బకెట్టు మీద హాయిగా కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. ఒక చేతిలో వంటింటి గరిటె. రెండు వార్తలకి ఒకసారి దానితో ఖాళీ రంగుడబ్బా మీద ఒక దెబ్బ వేస్తున్నారు. పేజీ తిప్పినప్పుడు రెండు వేస్తున్నారు.

"ఏమిటి మామయ్యా ఇది?"

మామయ్య గరిటెను పేపరు వెనక దాచారు. అది పైకి కనిపిస్తూనే ఉంది.

వాల్వ్ పిడి ముప్ఫైఆరు దగ్గర ఉంది. దాని పక్కన పైపుకు టేపుతో అంటించిన కాగితం ఒకటి కనిపించింది. డాక్టరు చీటీ. పేరు రాయాల్సిన చోట 'నీళ్ళు' అని ఉంది. కింద, 'ముప్ఫైఆరు డిగ్రీలు దాటకూడదు. పావుగంట చాలు. తర్వాత పాదాలు చూడాలి.'

"నీళ్ళకి డాక్టరేమిటి?"

"ఆయనా అదే అడిగాడు," అన్నారు మామయ్య. "కూర్చో. అరవకు, కిందికి వినిపిస్తుంది."

నాలుగు నెలల కిందట పంతులమ్మగారు స్నానం చేసి వెళ్తూ ఒక చెప్పు గదిలోనే మరిచిపోయారు. ఒంటికాలి చెప్పుతో ఎండకి కాలిన సిమెంటు మీద గేటు దాకా నడిచారు. చెప్పు పట్టుకుని వెనకాల పరుగెత్తిన మామయ్య ఆ సిమెంటు మీద వట్టికాలు మోపలేక గెంతారు. ఆవిడ మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడి, "అయ్యో, మతిమరుపండీ," అన్నారు. మామయ్య చూస్తే అరికాలు ఎర్రగా కందిపోయి ఉంది.

"మతిమరుపు కాదమ్మా, పాదాలకి స్పర్శ లేదు. అక్కడ వేడి తెలియదు, మిగతా ఒంటికి తెలిసింది చాలదనిపిస్తుంది. అందుకే ఇంకా పెట్టు, ఇంకా పెట్టు అనేవారు."

కోడలు ట్యాంకు నీడలో కూలబడింది. నలభైనాలుగు పెట్టింది తన చేతులే. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే రావద్దంటావు. నీ పని నువ్వు చేసినట్టే, తప్పు కాదు. కానీ ఆవిడ గడప దాటేది వారానికి ఈ రెండుసార్లే. పోనీ ఆవిడకే చెబుదామా అంటే, అందరికీ పాఠం చెప్పిన మనిషి, నా కాళ్ళ సంగతి వీధికి తెలిసిపోయిందని తలుపేసుకుంటారు. అందుకని ఆ గంటన్నర యంత్రం పాడైందన్నాను. ఆవిడ వెళ్ళగానే మళ్ళీ నలభైకి తిప్పేస్తున్నాను."

"గేటుదాకా ఆ గోనెపట్టా పరిచింది కూడా..."

"అదీ అందుకే."

"అందరూ మిమ్మల్ని పనిరానివారంటున్నారు మామయ్యా!"

"ఆ పేరు నాకు ఎప్పటినుంచో ఉన్నదేగా. ఊరికే పడి ఉంది, కాస్త వాడుకున్నాను."

కోడలికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఈ నాలుగు నెలల్లో ఆయన్ని మనసులో ఎన్ని మాటలంది! ఆ గరిటె పట్టుకున్న చేతిని కళ్ళకద్దుకోవాలనిపించింది. ఈలోగా కింద గేటు చప్పుడైంది. మూడు. పంతులమ్మగారు గొడుగు ముడుస్తున్నారు.

కోచ్ మూడున్నరకి బదులు మూడుంపావుకే వచ్చేశాడు. పంతులమ్మగారు ఇంకా తొట్టిలోనే ఉన్నారు. తొట్టి కుళాయి సన్నగా పారుతూనే ఉంది.

"నాకు ఐదు నిమిషాలే టైముంది," అని అతను పెరట్లో కుళాయి తిప్పి థర్మామీటరు పెట్టాడు. ముప్ఫైఆరు. కనుబొమలెత్తాడు. "నలభై అన్నాను కదా?"

కోడలు తల పైకెత్తింది. పిట్టగోడ మీదనుంచి మామయ్య తొంగిచూస్తున్నారు, చెయ్యి వాల్వ్ పిడి మీద ఉంది. ఎంతమ్మా, తిప్పేయనా అన్నట్టు చూశారు. ఆ కుళాయికీ తొట్టికీ ఒకటే పైపు. పన్నెండుమంది పిల్లలు, సంవత్సరమంతా. అద్దెకివ్వాల్సిన అవసరం లేని గది. అన్నీ ఆమె కళ్ళముందు ఒక్కసారి తిరిగాయి.

"వద్దు మామయ్యా!" అని అరిచింది. తర్వాత కోచ్ వైపు తిరిగింది. "మంగళవారం దానికి కుదరదు సార్."

"దేనికి?"

"యంత్రానికండీ. మంగళ, శుక్రవారాలు అది రిపేరులో ఉంటుంది. రేపు రండి, మీరెంతంటే అంత చూపిస్తాను. రాకపోయినా నేనేమీ అనుకోను."

కోచ్ ఆమెను చూశాడు, డాబా మీద గరిటెతో నిలబడ్డ పెద్దమనిషిని చూశాడు. "ఏ రోజు పాడవుతుందో ముందే చెప్పే యంత్రాన్ని ఇంతవరకు చూడలేదమ్మా," అని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి కోడలికి అన్నం సహించలేదు. అయినా చేసిన పనికి విచారం కలగలేదు.

బుధవారం పొద్దున్నే కోచ్ వచ్చాడు. కేవలం ఆ వింత యంత్రాన్ని చూద్దామని వచ్చానన్నాడు. థర్మామీటరు పెట్టాడు, నలభై. పది నిమిషాలాగి పెట్టాడు, నలభై. మరో పది నిమిషాలాగాడు. ముల్లు కదలలేదు. "ఎవరండీ దీన్ని చూసుకునేది?" అని అడిగాడు. అత్తయ్య పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి, "మా ఆయనే," అని గర్వంగా చెప్పారు. సోమ, బుధ, శనివారాలు ఖాయమయ్యాయి.

శుక్రవారం మూడున్నరకి పంతులమ్మగారు తొట్టిలోంచి లేచారు. కోడలు ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ సందులతో సహా మెల్లగా తుడుస్తూ ఎక్కడా కందలేదు కదా అని చూసింది. ఇది మా స్పాలో కొత్త మర్యాదండీ అంది.

పంతులమ్మగారు తలుపు వైపు ఒకసారి చూసి, ముందుకు వంగి గొంతు తగ్గించారు.

"అమ్మాయ్, చాలా రోజులుగా చెబుదామనుకుంటున్నాను. ఏమీ అనుకోకు. మీ మామగారికి పని రాదు."

కోడలు తల దించుకుని తువ్వాలు మడత మార్చింది.

"నాకు తెలుసులే, పైకి చెప్పుకోలేరు మీరు. నేనెప్పుడో మానేద్దామనుకున్నాను. కానీ నేను కూడా మానేస్తే ఆ పెద్దమనిషి ఎంత చిన్నబుచ్చుకుంటాడు? పాపం, ఎండలో అంత కష్టపడుతున్నాడే! అందుకని చల్లారిపోయిన నీళ్ళయినా సరే, వచ్చి కూర్చుని వెళ్తున్నాను. నువ్వు మాత్రం ఆయన్ని ఒక్క మాట అనకు. అర్థమైందా?"

"అననండీ," అంది కోడలు. చెప్పులు రెండూ తెచ్చి ఆవిడ పాదాల ముందు పెట్టింది.

పైన ఠంగుమంది. పంతులమ్మగారు చెప్పులు రెండూ వేసుకుని, గొడుగు తెరిచి, పెరట్లోకి వచ్చి తల పైకెత్తారు. వెనకబడిన పిల్లవాడికి మార్కులు కలిపే గొంతుతో గట్టిగా కేకవేశారు.

"ఇవాళ నీళ్ళు అద్భుతంగా ఉన్నాయండీ! ఒళ్ళు కాలిపోయిందనుకోండి!"