అన్నదమ్ములకు వేరువేరుగా వచ్చిన డీఎన్ఏ రిపోర్టులు

2023 వేసవి. విజయనగరంలో మా ల్యాబ్‌కి నేను ఇన్‌ఛార్జిని. రక్తం, షుగర్, థైరాయిడ్ మా రోజువారీ పని. డీఎన్ఏ పరీక్షలు మేం చెయ్యం. అయినా నేను జెనెటిక్స్ చదివానని తెలిసినవాళ్ళు, ఇంటికి తెప్పించుకున్న కిట్ రిపోర్టు అర్థం కాకపోతే నా దగ్గరికే వస్తారు.

ఒకరోజు ఉదయం బొబ్బిలి నుంచి ముగ్గురు వచ్చారు. వీణలు చేసే అన్నదమ్ములు సూర్యనారాయణ, అప్పలరాజు, వాళ్ళమ్మ పైడమ్మ. అన్నదమ్ములు ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. పైడమ్మ మాత్రం నేను కూర్చోమన్నా కూర్చోలేదు.

సూర్యనారాయణ కూతురు సరదాకి రెండు కిట్లు కొందట. ట్యూబులో ఉమ్మి పంపితే పూర్వీకులు ఏ ప్రాంతాలవాళ్ళో శాతాల్లో చెబుతారు. అన్నది మొత్తం దక్షిణాసియా అని వచ్చింది. తమ్ముడిదాంట్లో కొంచెం తూర్పు ఆసియా కూడా ఉంది. అతని చిన్న కళ్ళని చూసి చిన్నప్పటి నుంచీ వీధిలో వేళాకోళమే. ఇప్పుడు దానికి కాగితం దొరికింది.

"ఒక తండ్రి బిడ్డలకి రెండు రకాలు ఎలాగొస్తాయండి?" అన్నాడు సూర్యనారాయణ, తల్లి వైపు చూడకుండా.

"మాయన్న ఆ మాటన్న కాడి నుంచి నాను పనిలోకి ఎల్లడం మానేసినానండి," అన్నాడు అప్పలరాజు.

రిపోర్టులు రెండూ చదివాను. "పప్పులన్నీ కలిపిన బుట్టలోంచి ఇద్దరూ చెరో గుప్పెడు తీస్తే ఒకేలా ఉంటాయా? అమ్మానాన్నల డీఎన్ఏలో సగం సగమే బిడ్డకి వస్తుంది. ఏ సగమన్నది బిడ్డబిడ్డకీ మారుతుంది," అన్నాను. ఈ శాతాలు కంపెనీ తన రిఫరెన్స్ ప్యానెల్‌తో, అంటే తన దగ్గరున్న నమూనాలతో, పోల్చి వేసే అంచనా మాత్రమేనని చెప్పాను. ఆ చిన్న ముక్క ఎన్నో తరాల కిందటిది కావచ్చు, అంచనాలో పొరపాటూ కావచ్చు. కులం, గోత్రం, తండ్రి ఎవరన్నది ఆ పేజీ చెప్పలేదు.

"అయితే మేమిద్దరం ఒకటేనని కూడా ఇందులో లేదు కదండీ," అన్నాడు అన్న.

లేదు. దానికి రిలేటివ్ మ్యాచ్ అని వేరే భాగం ఉంది. రెండు నమూనాలను నేరుగా పోల్చి చూస్తుంది. దగ్గరి బంధుత్వాల్లో దాన్ని నమ్మవచ్చు. ఇద్దరి ఖాతాల్లోనూ అది ఆపేసి ఉంది.

"తెరిస్తే ఏది వచ్చినా మళ్ళీ మూసెయ్యలేం. అమ్మ ఒప్పుకుంటేనే తెరవండి," అన్నాను.

పైడమ్మ కొంగు సర్దుకుంది. "తెరువమ్మా. నాకేటి బయం? నా బతుకు నాకు తెల్దేటి?"

ఫలితానికి ఒక రోజు పట్టింది. మర్నాడు ముగ్గురి ముందే ఫోన్ తెరిచాం. 'ఫుల్ సిబ్లింగ్' అని ఉంది. ఒకే తల్లీ ఒకే తండ్రీ అని అర్థం చెప్పాను.

సూర్యనారాయణ లేచి తల్లి కాళ్ళ మీద పడబోయాడు. ఆవిడ వెనక్కి జరిగింది. "నా కాళ్ళెందుకురా? ముందు తమ్ముణ్ని పనికి పిలు."

"రారా అప్పలరాజూ. మెట్లు పెట్టీవోడు లేక వీణ ఆగిపోనాది," అన్నాడు అన్న.

"అమ్మ రమ్మంటే వస్తాను. నువ్వన్న మాట మాత్రం ఇప్పట్లో మర్సిపోలేను."

"వస్తాడు. పదండి," అంది పైడమ్మ. గుమ్మం దగ్గర ఆగి నా వైపు తిరిగింది. "ఈ కాయితం సెప్పబట్టే నాను మంచిదాన్నైపోనానేటమ్మా?"

"కాదమ్మా," అన్నాను. ఆవిడ తల ఎత్తుకునే మెట్లు దిగింది. కొడుకులిద్దరూ వెనకాలే నడిచారు.

ఇన్నేళ్ళ సర్వీసులో వేల రిపోర్టుల మీద సంతకం పెట్టాను. నా చదువును చూసుకుని నేను గర్వపడింది మాత్రం, నా సంతకం లేని ఆ రిపోర్టు దగ్గరే. అందులో ఏం లేదో చెప్పడం కూడా నా పనేనని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ఎవరైనా ఆ కిట్ కొంటామంటే, ట్యూబు మూత తియ్యకముందే ఒక మాట అడుగుతాను: "ఇంట్లో మిగతావాళ్ళని అడిగారా?"