సమ్మవ్వ నాలుగో పాదం

గోదావరిఖనిలో మా వరుసలో చివరి ఇల్లు సమ్మవ్వది. బడి గోడకు ఆనుకుని బీడీలు చుట్టేది. అవతల రాజం పంతులు పద్యాలు చెబుతుంటే ఇవతల ఆమె చెవిన పడేవి. అక్షరం ముక్క రాదు. అయినా నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం కలవాలని పిల్లలకన్నా ముందు ఆమే పట్టుకుంది. దాన్ని ప్రాస అంటారట. మూడో తరగతి చదివిన నాకు ఆ సంగతి చెప్పింది కూడా ఆమే.

డెబ్బై రెండులో ఓ మధ్యాహ్నం బొగ్గుబాయిలో కప్పు కూలి నలుగురిని దవాఖానకు తెచ్చారు. అందులో ఆమె మొగుడూ ఉన్నాడన్నారు. బతికాడో లేదో ఎవరూ చెప్పలేదు. ఆమె పరుగెత్తింది. గేటు దగ్గర ఏం జరిగిందో ఆమెనూ, తెచ్చినవాళ్ల పేర్ల కాగితంతో అక్కడ కాపలా ఉన్న ముష్తాక్‌నూ విడివిడిగా అడిగి రాబట్టాను.

"ఎవరి కోసం అక్కా?"

"మా ఇంటాయన."

"పేరు?"

సమ్మవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మొగుడి పేరు నోట పలికితే ఆయుష్షు తగ్గుతుందని మాలో అందరి భయం. ఆ రోజు అసలే పలకదు.

"నువ్వే చదువు తమ్మీ, నేను తలూపుత."

"గట్ల నడువది. మొన్న ఇద్దరు ఒక్క పేరుకే తలూపిండ్రు. నోటితోని చెప్పాలె."

ఆమె మెల్లగా పద్యం అందుకుంది:

"పగటి షిఫ్టుకు బోయె పచ్చడన్నం దిని,
దిగె బాయిలోపలికి దిట్టంగ నడిచి,
సెగలోన బొగ్గుకు చెమటలు గార్చె,
ఊఁ... మా ఇంటికి మొదటి వెలుగు."

ముష్తాక్ తల గోక్కున్నాడు. "మా షాయరీల జోడు ఆఖర్ల కలుస్తది. ఇండ్ల ఏడ కలిసింది?"

"ఆఖరికెందుకు పోతవ్, మొదలు చూడు. పగటి, దిగె, సెగ. రెండోది గకారమే గద. నేను ఊఁ అన్నకాడ ఆయన పేరుంటది, అండ్ల గూడ గంతే."

అతని వేలు కాగితం మీద దిగింది. సదయ్య. రాయమల్లు. లింగమూర్తి దగ్గర అతను తలెత్తితే, "గకారం ముందట సున్న పలుకుతది, కలువది" అంది. ఆమె కళ్లు ఆ వేలినే పట్టుకున్నాయి. చివరి పేరు దగ్గర వేలు ఆగింది.

"మొగిలి?"

సమ్మవ్వ ముఖం గోడకు తిప్పుకుంది.

"ఫికర్ చెయ్యకు అక్కా, బతికే ఉన్నడు. కాలు విరిగింది. జల్ది పో."

నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చింది.

"తమ్మీ, ఆ నాలుగో ముక్క నువ్వు నిండుగ అను."

ముష్తాక్ చుట్టూ చూసి, గొంతు సవరించుకున్నాడు.

"మొగిలి మా ఇంటికి మొదటి వెలుగు."

అది విన్నాకే లోపలికి పోయింది.