పేర్లకు మాత్రమే దారి

తలుపులు మూసి ఉండగానే లోపలికి వచ్చిన ప్రభువుకు స్తోత్రం.

సెల్ టవర్లు అడవి దాకా రాని రోజులవి. నేను భద్రాచలం వైపు సువార్త కూటాలకు వెళితే వానకు ఫోన్ లైన్లు తెగిపోయాయి. మర్నాడే గుంటూరు సంఘంలో మా బాబుకు పేరు పెడుతున్నారు. రాత్రి ప్రార్థనలో నాకు తోచిన పేరు చేరకపోతే, మామగారు లేఖనాల్లోంచి ఏరిన నోరు తిరగని రాజు పేరే ఖాయం.

నేనున్న ఊరి కాలేజీలో, ఫోన్ లైనుతో పనిలేకుండా డిష్‌తో నడిచే ఇంటర్నెట్ ఉంది. ల్యాబ్ చూసే లక్ష్మికి సంగతి చెప్పి బతిమాలాను.

"కాలేజోళ్లు మెయిల్ బంద్, చాట్ బంద్ పెట్టిండ్రు సార్. ఫలానా పేరున్న సైట్ ఎక్కడుందని అడిగితే మాత్రం గీ పెట్టె పోనిస్తది. గా అడిగే పేర్లల్లనే మీ మాట దాచి పంపుత. గా అడుగుడు హైదరాబాద్‌ల మా ఆయన మెషిన్‌కు చేరుతది, అది విప్పుకుంటది. ఆయన మీ ఇంటికి ఫోన్ చేస్తడు."

"ఆయన పేరేంటమ్మా?"

"మొగుని పేరు పలుకుతమా సార్? గీ పెట్టెకైతే సిగ్గు లేదు, పొద్దంతా పేర్లే!"

"దొంగదారి కదా, పాపం కాదా?"

"అవ్ సార్. మరి ఆ రాజు పేరే ఉండనియ్యాల్నా?"

వెంటనే 'కృపాకర్' అని చెప్పేశాను.

కాసేపటికి అదే దారిలో జవాబు వచ్చింది. మామగారు ఒప్పుకున్నారట, కాకపోతే రెండు పేర్లూ కలిపి పెడతారట.

ప్రియులారా, మావాడు బడిలో తన పేరు తప్పుల్లేకుండా రాసేలా మీరూ ప్రార్థించండి.