ముందు వరుసలో ఉప్పలయ్య

ఆరు గంటల కచేరీకి రెండున్నరకే ఇల్లు కదిలే మనిషిని చిలకానగర్ మొత్తంలో ఇంకొకరిని చూపించలేరు. ఆదివారం వచ్చిందంటే చాలు, ఎండ ఇంకా మాడు పగలగొడుతుండగానే ఉప్పలయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నీళ్ల సీసా సంకలో పెట్టుకుని, ఉప్పల్ మెట్రో స్టేషన్ వైపు నడక మొదలుపెట్టేవాడు. భార్య శ్యామలమ్మ గడపలో నిలబడి, "పెండ్లికి పోతున్నవా, నువ్వే పెండ్లి జేస్కోనీకి పోతున్నవా?" అని సాగనంపేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. కారున్నవాడు ఐదుముప్పావుకి వచ్చినా వాడికోసం ఎవరో ఒకరు కుర్చీ ఆపి ఉంచుతారు, కారు లేనివాడి కుర్చీని వాడే వెళ్లి కాపలా కాసుకోవాలి. ఇది ఆయన అనుభవం మీద తేల్చుకున్న సత్యం.

ఉప్పల్‌లో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో దిగాలి. అక్కడి నుంచి పక్క స్టేషన్లోకి నడిచి చిక్కడపల్లి పోయే రైలు పట్టుకోవాలి. దిగాక సందులు దాటి కచేరీలు జరిగే సభ దాకా మళ్లీ నడక. మెట్రో రాకముందు ఇదంతా రెండు సిటీ బస్సుల మీద గడిచేది. ఆ రోజుల్లో మంగళం పాడేదాకా కూర్చుంటే ఆఖరి బస్సు దక్కేది కాదు. అందుకని ఏళ్ల తరబడి ఏ కచేరీకీ చివర ఏముంటుందో ఉప్పలయ్యకు తెలియదు. మధ్యలో లేచిపోయేవాళ్లను చూసి కొందరు మూతి విరుస్తారు. సంగీతమంటే గౌరవం లేదనుకుంటారు. అంత గౌరవం లేకపోతే అంత దూరం నుంచి బస్సులో వేలాడుతూ ఎందుకొస్తాడని ఆ విరిచే మూతులకు ఒక్కనాడూ తట్టదు.

ఉప్పలయ్య సంగీతం ఇంట్లో పుట్టినవాడు కాడు. జనగామ పక్క పల్లె నుంచి పద్దెనిమిదో ఏట వచ్చి, మల్లాపూర్‌లో ఫ్యాన్లకు రేకు మూతలు కొట్టే చిన్న కంపెనీలో చేరాడు. ఆ కంపెనీ స్టోర్సులో పట్టాభిరామయ్య అని తణుకు వైపు పెద్దమనిషి గుమస్తాగా ఉండేవాడు. ఒక ఆదివారం తోడు ఎవరూ దొరక్క ఉప్పలయ్యను వయొలిన్ కచేరీకి వెంటబెట్టుకు పోయాడు. "నిద్రొస్తే పడుకోవయ్యా, గురక మాత్రం పెట్టకు" అని ముందే హెచ్చరించాడు.

ఉప్పలయ్య నిద్రపోలేదు. తిరుగు బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి, "నడుమల ఒక తీగె జర దిగింది గద సార్, ఆయన వాయించుకుంటనే మళ్ల బిగిచ్చిండు" అన్నాడు.

పట్టాభిరామయ్య తెల్లబోయాడు. ముప్పై ఏళ్లుగా కచేరీలు వింటున్న ఆయన ఆ సంగతి పట్టనే లేదు. "రాగం పేరు తెలీదు, తాళం లెక్క తెలీదు, అదేం చెవయ్యా నీది!" అన్నాడు. ఆ రోజు మొదలు ఇరవై ఏళ్లపాటు ఇద్దరూ కలిసే తిరిగారు. తరవాత పట్టాభిరామయ్య మోకాళ్లు పోయి, నారపల్లిలో కూతురింటికి చేరి, గడప దాటడం మానేశాడు. ఉప్పలయ్య ఒంటరిగా పోసాగాడు.

ఆ చెవే కంపెనీలో ఆయన పరపతి. అక్కడ పన్నెండు ప్రెస్సులున్నాయి. కాలితో పెడల్ ఒకసారి తొక్కితే పైనుంచి ఇనుప దిమ్మె ఒకసారి దిగి రేకును మూతగా కొట్టాలి, ఆగాలి. లోపల ఆ దిమ్మెను పట్టి ఆపే క్లచ్ అరిగిపోతే తొక్కకుండానే రెండోసారి దిగుతుంది. అప్పటికి మనిషి చెయ్యి కింద ఉంటుంది. అలా అరిగే ముందు నాలుగైదు రోజులు మర లోపల సన్నగా, పిచ్చుక కూసినంత చప్పుడు వస్తుంది. ఆ దడదడల మధ్య దాన్ని పట్టగలిగింది ఉప్పలయ్య ఒక్కడే. రోజూ పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు ఆయన ఒక్కొక్క మర దగ్గర తల వంచి నిలబడేవాడు. దాన్ని నడిపే మనిషి ఖాళీగా పదిసార్లు తొక్కేవాడు. ఉప్పలయ్య తల ఊపితే పని మొదలు. అడ్డంగా ఆడిస్తే మిస్త్రీని పిలవాలి. ముప్పై ఎనిమిదేళ్లలో ఆ షెడ్డులో ఒక్క వేలు తెగలేదు.

కంపెనీ వాళ్లు చెవుల్లో పెట్టుకునే మెత్తని బిరడాలు ఇచ్చారు. ఉప్పలయ్య వాటిని ముట్టుకోలేదు. "చెవి మూస్కుంటే మిషిన్ ఏమంటున్నదో ఎట్ల తెలుస్తది?" అన్నాడు. ఆయన పెట్టుకోనప్పుడు మిగతావాళ్లు పెట్టుకుంటారా? ఆ షెడ్డులో బిరడా పెట్టుకోవడమంటే పని రాదని ఒప్పుకోవడమే అయిపోయింది. ఇంత మూర్ఖత్వం ఎక్కడైనా ఉందా అంటే, పనితనం ఉన్న ప్రతిచోటా ఉంటుంది.

చెవి పోవడం ఒక్కరోజులో జరగలేదు. రెండేళ్ల కిందట సభలో మైకులు పాడయ్యాయనుకున్నాడు. తరవాత ఈ కాలం పిల్లలు గట్టిగా వాయించడం లేదనుకున్నాడు. పదో వరుస నుంచి ఐదో వరుసకు, అక్కడి నుంచి ముందు వరుసకు జరిగాడు. ముందు వరుస కావాలంటే ముందే పోవాలి కనుక నాలుగున్నర ప్రయాణం మూడున్నరైంది, మూడున్నర రెండున్నరైంది. శ్యామలమ్మ పెళ్లి వేళాకోళాలు ఆ తరవాతివే. పాపం ఆమెకేం తెలుసు?

మొన్న జనవరిలో ఒక ఆదివారం ఆయన అనుమానం తీరిపోయింది. వయొలిన్ అమ్మాయి వేళ్లు పై స్థాయికి పాకాయి. కమాను ఆడుతోంది, వేళ్లు ఆడుతున్నాయి, ఉప్పలయ్యకు మాత్రం ఒక్క స్వరం లేదు. మృదంగం వినిపిస్తోంది, పక్కాయన దగ్గు వినిపిస్తోంది, వయొలిన్ లేదు. హాలంతా ఒక్కసారి "ఆహా" అంది. ఉప్పలయ్య కూడా "ఆహా" అన్నాడు. పిచ్చుక కూత తనకిక వినపడదని ఆ క్షణాన ఆయనకు నిశ్చయంగా తెలిసింది. తెలియలేదని రేపు ఏ దేవుడి ముందూ అనడానికి లేదు.

రైలు దిగేసరికి ఒక నిర్ణయానికి వచ్చాడు. పొద్దున్నే మేనేజరు నరేందర్‌తో చెప్పేయాలి. సార్, నా చెవి పోయింది, ఇంకెవర్నన్న జూస్కోన్రి. అంతే కదా, రెండు ముక్కలు. రాత్రంతా ఆ రెండు ముక్కలే మననం చేసుకున్నాడు.

సోమవారం షెడ్డులోకి అడుగు పెట్టగానే నాలుగో నంబరు ప్రెస్సు మీద పనిచేసే దుర్గేష్ ఎదురొచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్లవాడు, నాచారంలో కిరాయికుంటాడు, ఉప్పలయ్య అంటే గురి. "అన్నా, నిన్న కచేరి ఎట్లయింది?" అని అడిగాడు. చుట్టూ నలుగురు చేరారు. సోమవారం పొద్దున ఉప్పలయ్య నోట కచేరీ కబుర్లు వినడం వాళ్లకు అలవాటు.

"మస్తుగైంది తమ్మీ. పిల్ల వయొలిన్‌తోని మాట్లాడిచ్చింది" అన్నాడు ఉప్పలయ్య. ఆ మాట అనేశాక, మేనేజరు గది వైపు కాళ్లు పడలేదు.

మొదటి మూడు మరల దగ్గర తల వంచాడు, ఊపాడు. నాలుగో దాని దగ్గర వంగాడు. దుర్గేష్ పదిసార్లు తొక్కాడు. ఇనుము ఇనుము మీద పడే మోత తప్ప ఉప్పలయ్యకు ఇంకేమీ వినపడలేదు. చప్పుడు లేదో, తనకు వినపడలేదో తేల్చుకునే దారి లేదు. తలెత్తి చూస్తే అందరూ ఆయన ముఖంలోకే చూస్తున్నారు. ఉప్పలయ్య తల ఊపాడు.

పదకొండు గంటలకు దుర్గేష్ కుడిచేతి వేళ్లు రెండు పోయాయి.

విచారణ అరగంట కూడా పట్టలేదు. నరేందర్ అందరినీ నిలబెట్టి, "పొద్దున ఉప్పలయ్య ఇన్నడు, ఓకే అన్నడు. మిషిన్ మంచిగనే ఉన్నట్టు. అంతే గదా ఉప్పలయ్యా?" అని అడిగాడు.

నిజం చెప్పడానికి ఇక్కడ ఒక్క మాట చాలు. ఆ మాట నోట్లోనే ఉంది. "మంచిగనే ఉండె సార్" అన్నాడు ఉప్పలయ్య.

దవాఖానాలో పడుకున్న దుర్గేష్‌ను అడిగితే వాడు అన్నదేమిటో తెలుసా? "రెండోసారి తొక్కినట్టు నాకు యాదికి లేదు సార్. గని ఉప్పలన్న తల ఊపిండంటే మిషిన్ల తప్పుండదు. నేనే తొక్కిన్నేమో" అన్నాడట. తన కాలి మీదకన్నా ఉప్పలయ్య చెవి మీద వాడికి నమ్మకం ఎక్కువ. నిర్లక్ష్యం అని కాగితం మీద రాసుకుని వాడిని పనిలోంచి తీసేశారు. మిస్త్రీ ఆ మర విప్పి క్లచ్ మార్చి మళ్లీ బిగించాడు. పాతది ఎలా ఉందని ఎవరూ అడగలేదు.

నెల తిరిగాక ఉప్పలయ్య నాచారంలో దుర్గేష్ ఇంటికి పోయాడు. చెప్పేద్దామనే పోయాడు. దుర్గేష్ భార్య మానస చాయ్ ఇచ్చి, ఆయన కాళ్లకు దండం పెట్టి, "జర ధైర్నం జెప్పుండ్రి, దినాం గదే ముచ్చట. నా కాలే నన్ను మోసం జేసిందని నిద్ర పోతలేడు" అంది. ఉప్పలయ్య చాయ్ సగంలోనే కింద పెట్టాడు.

దుర్గేష్ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని గోడకు ఒరిగి ఉన్నాడు. "అన్నా, ఆదివారం నన్ను గుడ కచేరికి తీస్కపో. ఇంట్ల కూసుంటే పిచ్చి లేస్తున్నది. గా దిక్కు నేనెన్నడు పోలే, తొవ్వ తెల్వది" అన్నాడు.

కాదనడానికి ఉప్పలయ్యకు ముఖం చెల్లలేదు.

ఆ ఆదివారం ఇద్దరూ హబ్సిగూడలో రైలెక్కారు. చిక్కడపల్లిలో దిగి, రోడ్డు దాటేటప్పుడు దుర్గేష్ చెయ్యి జనానికి తగలకుండా ఉప్పలయ్య అడ్డంగా నడిచాడు. ముందు వరుసలో కూర్చోబెట్టాడు. దుర్గేష్ సభను చూసి పెళ్లింటికి వచ్చినవాడిలా సంబరపడ్డాడు. నెల రోజుల్లో వాడు నవ్వడం అదే మొదలు. కచేరీ మొదలైంది. ఉప్పలయ్య మృదంగం దెబ్బను పట్టుకుని తొడ మీద తాళం వేయసాగాడు, కమాను కదలికను బట్టి తల ఊపసాగాడు. జనవరి నుంచి ఆ నటన బాగా వంటబట్టింది.

ఏడు గంటల వేళ మైకుకు ఏదో అయ్యింది. మైకూ స్పీకరూ కలిసి ఒక్కసారి సూది గుచ్చినట్టు కీచుమని కూశాయి. హాలంతా అదిరిపడింది. ముసలివాళ్లు ముఖాలు ముడుచుకున్నారు, పిల్లలు ఏడుపు అందుకున్నారు, వేదిక మీద వయొలిన్ ఆయన కూడా కమాను దించి చెవి మూసుకున్నాడు. దుర్గేష్ రెండు చేతులూ చెవులకు పెట్టుకున్నాడు, కట్టు చెయ్యి కూడా. ఆ నొప్పితోనే పక్కకు చూశాడు.

ఉప్పలయ్య నిమ్మళంగా తొడ మీద తాళం వేస్తున్నాడు. మెల్లగా తల ఊపుతున్నాడు.

కూత ఆగింది. దుర్గేష్ చేతులు దించాడు. అలాగే చూస్తూ కూర్చున్నాడు. మరల దగ్గర పని చేసిన మనిషికి విడమర్చి ఎవరు చెప్పాలి? ఉప్పలయ్య అప్పుడు గమనించాడు, కమాను ఆగి ఉందని, తన తాళం ఒక్కటే నడుస్తోందని. చెయ్యి ఆపాడు.

దుర్గేష్ లేచి బయటికి నడిచాడు. ఉప్పలయ్య వెనకాలే వెళ్లాడు. పక్కన నడిచే ధైర్యం లేదు, వదిలేసి పోవడానికి వాడికి దారి తెలియదు. సందు మలుపులో దుర్గేష్ ఎటు పోవాలో తోచక నిలబడితే, వెనక నుంచే "ఎడమకు" అన్నాడు. వాడు తిరిగి చూడకుండా ఎడమకు తిరిగాడు. స్టేషన్ దాకా అలాగే నడిచారు.

ప్లాట్‌ఫారం మీద దుర్గేష్ దగ్గరికి వచ్చి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, గట్టిగా అడిగాడు. "ఎన్నొద్దుల సంది?"

"రెండేండ్లు."

"కంపిన్ల ఎర్కనా?"

"ఎవ్వరికి ఎర్క లేదు."

దుర్గేష్ మళ్లీ ఆయన చెవి దగ్గరికి వంగాడు. "నెల దినాల సంది నా కాలును నేను తిట్టుకుంటున్న అన్నా. నా పెండ్లాం ముంగట తిట్టుకుంటున్న. ఇనవడనప్పుడు తల ఎందుకు ఊపినవ్?"

ఉప్పలయ్య దగ్గర జవాబు ఉంది. అది ఎంత చిన్నదో అనుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా ఈసారి దాచలేదు.

"అందరు నా మొకం దిక్కే సూస్తున్రు తమ్మీ" అన్నాడు.

రైలు వచ్చింది. దుర్గేష్ ఎక్కాడు. ఉప్పలయ్య ఎక్కబోయాడు. తలుపులు పడుతున్నాయని హెచ్చరించే కూత ఆయనకు వినపడలేదు. రెక్కలు వచ్చి భుజానికి కొట్టుకుంటే ఎవరో ప్రయాణికుడు ఆయన్ని వెనక్కి తోశాడు. అద్దం అవతల దుర్గేష్ ఏదో అంటున్నాడు. తిడుతున్నాడో, దారి ఎటని అడుగుతున్నాడో ఉప్పలయ్యకు తెలియలేదు.