పదో పిల్ల కోసం పట్టుకెళ్లిన పళ్లెం

జూన్‌లో బడి తెరిచిన రెండో వారం నాటికి మా సర్కారు బడి ఒకటో తరగతిలో తొమ్మిది మంది ఉన్నారు. పది మంది ఉంటే అది తరగతి. తొమ్మిది మంది అయితే వేరే బడికి తరలించాల్సిన సామాను. శనివారం సాయంత్రంలోగా ఇంకో పిల్ల చేరకపోతే తొమ్మిది మందినీ కడలూరు రోడ్డు అవతలి బడిలో కలిపేస్తామని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆ రోడ్డు దాటడం పెద్దవాళ్లకే ఒక పరీక్ష. తల్లులు పొద్దున్నే పనికి పోయే ఇళ్లు నాలుగున్నాయి. అవతలికి దించి వచ్చేవాళ్లు లేక ఆ నలుగురూ బడి మానేస్తారని నాకు తెలుసు. కాగితానికి తెలియదు.

నేను ఆ తొమ్మిది మందికీ టీచర్ని. నటేశన్ నగర్‌లో ఏడేళ్ల పాపకు తల్లిని కూడా. మా పాప మా బడిలో చదవదు. టై కట్టుకుని వ్యానెక్కే బడిలో చదువుతుంది. ఈ రెండు సంగతులూ ఒకే చోట బయటపడకుండా చూసుకోవడం నా ఉద్యోగంలో ఎవరూ రాసివ్వని భాగం.

సోమవారం మా పెద్ద టీచరు ఇంటి నుంచి స్టీలు పళ్లెం తెచ్చింది. తమలపాకులు, అరటిపళ్లు, కలకండ, గంధం గిన్నె, కుంకుమ భరిణె, వాటిమీద మా బడి కరపత్రం. మా వైపు పెళ్లికి పిలిచినా, కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి పిలిచినా ఇలాంటి పళ్లెంతోనే వెళ్తాం.

"ఉత్త కాగితమిస్తే బజ్జీల నూనె తుడుస్తారు. పళ్లెం పట్టుకుపోతే కాదనలేరు" అంది తమిళంలో.

"పెళ్లికొడుకు ఎవరని అడిగితే?"

"నువ్వు ఎంఏ కదా. ఏదో ఒకటి చెప్పు."

మూడు రోజులు బడి వదిలాక బడి చుట్టూ ఉన్న మురుంగపాక్కం వీధుల్లో ఆ పళ్లెం మోశాను. కాదన్నవాళ్లు నిజంగానే లేరు. అందరూ గంధం రాసుకున్నారు, కలకండ నోట్లో వేసుకున్నారు, పిల్లల్ని మాత్రం ఇంగ్లీషు బళ్లలో వేసేశామన్నారు. బుధవారానికి అరటిపళ్లు నల్లబడ్డాయి. నా పరిస్థితీ అంతకన్నా మెరుగ్గా ఏమీ లేదు.

గురువారం ఇడ్లీలు అమ్మే ఒక అవ్వ దొరికింది. మాలాగే ఎన్నో తరాల కిందట ఈ తమిళ ఊరికి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం రాదు. తమిళంలో ఆమె చదువు సంతకం దగ్గర ఆగింది. కూతురు కంపెనీ షిఫ్టుల్లో ఉంటుంది కాబట్టి ఐదేళ్ల మనవరాలి సంగతంతా అవ్వదే.

"ఏంది టీచరమ్మా, పెండ్లా?"

"బడికి పిలవడానికి వచ్చినా అవ్వా."

"బడికి తాంబూలమా. అంత గతి చెడిందా మీ బడికి?"

"అంతేం లేదు. ఒక పిల్ల తక్కువ."

అవ్వ నవ్వి గంధం ముంజేతికి రాసుకుంది. "మన మాట మాట్లాడతా ఉండావు. నీకు పిల్లలుండారా?"

"ఒక పాప."

"యాడ చదువుతాది?"

"ఇంటికి దగ్గరే."

అబద్ధం కాదు. వ్యాను మా వీధి చివరే ఆగుతుంది.

అవ్వ ఒక కలకండ ముక్క నోట్లో వేసుకుంది. "సరి. పళ్లెం ఈడనే పెట్టిపో. శనివారం మధ్యానం రా. యాపారం అయినాక కాగితాలు తీసి పెడతా."

శుక్రవారం హాజరు పట్టీలో పదో పేరు రాశాను. పెన్సిల్‌తోనే రాశాను కాబట్టి నేను ముందుచూపు ఉన్న మనిషినని అనుకున్నాను. పెద్ద టీచరు కొత్త పిల్ల తలకు పెట్టడానికి అట్టతో కిరీటం కత్తిరించింది.

శనివారం పాపకు ఒంటిపూట బడి. చూసుకునే మా అత్తగారు బంధువుల పిల్లకు చెవులు కుట్టిస్తున్నారని సారం అనే పేటకు వెళ్లింది. పాపను వాళ్ల బడి దగ్గర స్కూటర్ ఎక్కించుకున్నాను. ఇంటికి వెళ్లి బట్టలు మార్పించడానికి పది నిమిషాలు చాలు. ఆలోగా అవ్వ నిద్రపోతుందేమోనని ఆ పది నిమిషాలు మిగుల్చుకున్నాను.

అవ్వ గుమ్మంలోనే కూర్చుని ఉంది. ముందు పాప బూట్లు చూసింది. తర్వాత టై. చివరికి నన్ను చూసింది.

"ఇదేనా దగ్గర?"

నేను స్కూటర్‌కు స్టాండు వేశాను.

"ఏమైనా చెప్పు కన్నా, వింటాం" అంది అవ్వ పాపతో. పాప చేతులు కట్టుకుని, ఆవు మీద పది వాక్యాలు ఇంగ్లీషులో ఒక్క తప్పు లేకుండా చెప్పింది. రోజూ రాత్రి నేను దగ్గర కూర్చుని చెప్పించినవే.

అవ్వ లేచి లోపలికి వెళ్లి, దేవుడి పటం వెనకనుంచి మడత కాగితం తీసుకొచ్చింది. మా పాప చదివే బడి దరఖాస్తు. నెల నుంచీ అక్కడే ఉందట.

"వేసేదా వద్దా అని ఉండినా. నువ్వు పళ్లెం తెచ్చినాక మీ బడే అనుకున్నా. నువ్వే నీ బిడ్డను ఆడ వేసినాక ఇంకేం అడిగేది? ఇది నింపు."

"ఫీజు ఎక్కువ అవ్వా."

"దాని సంగతి ఇడ్లీలు చూసుకుంటాయి. నువ్వు రాయి."

వాళ్ల గుమ్మంలో కూర్చుని రాశాను. పిల్ల పేరు, పుట్టిన తేదీ. ఆ బడిలో తెలిసినవాళ్లుంటే రాయాలన్న గడి కూడా ఉంది. అందులో నా పేరు రాశాను. నా చేతిరాత బాగుంటుందని ట్రైనింగ్‌లో కూడా అనేవాళ్లు. మనవరాలు పక్కనే కూర్చుని మా పాప టై కొస పట్టుకుని చూస్తోంది.

వెళ్తానని లేచి పళ్లెం అందుకోబోతే అవ్వ ఆపింది. "ఉత్త పళ్లెం పంపకూడదు." లోపలికి తీసుకెళ్లి, పొద్దుటివి మిగిలిన ఆరు ఇడ్లీలు పెట్టి తెచ్చింది.

పెద్ద టీచరు కిరీటం బల్లమీద పెట్టుకుని బడిలో ఎదురుచూస్తోంది. నా వెనక టైతో ఉన్న పాపను చూసింది, పళ్లెంలోకి చూసింది. పై ఆఫీసుకు పంపాల్సిన కాగితం తీసి తొమ్మిది అని రాసి సంతకం చేసింది. తర్వాత ఒక ఇడ్లీ తుంచుకుంది.

"చట్నీ ఇవ్వలేదా?"

"లేదు" అన్నాను. హాజరు పట్టీ తెరిచి రబ్బరు కోసం వెతికాను. మా పాప తన పెన్సిల్ పెట్టెలోంచి తీసిచ్చింది.